శుక్రవారం శుక్రవారం వేడెక్కే బండి

డిపోలో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు మొన్న ఈ అరబ్బు దేశంలో, రిగ్గైలో ఉన్న నా గదికి వచ్చారు. ఉగాదికి ఏదో సంచిక వేస్తున్నారట, "మీ సర్వీసులో మరిచిపోలేని రోజు గురించి రాసిపెట్టండి గురువుగారూ" అన్నారు. రిటైరై, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా క్యాన్సిల్ కాగితాల కోసం ఎదురుచూస్తూ పొద్దస్తమానం గోడకేసి చూసే మనిషిని ఏది అడిగినా కాదంటాడా? సరేనన్నాను. వాళ్ళు మెట్లు దిగాక అనుమానం వచ్చింది, వాళ్ళకు కావలసింది నాకు శాలువా కప్పిన రోజు గురించేమోనని. ఆ రోజు బాగానే గుర్తుంది. శాలువా గుచ్చుకుంది. అంతకుమించి రాయడానికేమీ లేదు.

మరిచిపోలేని రోజు ఇంకొకటుంది. మరిచిపోదామని చాలాసార్లు ప్రయత్నించాను కూడా. అది మా షెడ్డులోకి మొట్టమొదటి కొత్త బస్సు వచ్చిన రోజు.

నా ఉద్యోగం ఏమిటో మీకు తెలుసు గానీ, ఈ సంచిక చదివే ఇళ్ళవాళ్ళకు తెలియదు కదా. అర్దియా షెడ్డులో ఏ రూటుకు ఏ బస్సు వెళ్ళాలో చెప్పడం, దారిలో ఏదైనా ఆగిపోతే ఫోను ఎత్తడం. ఒకరకంగా పెళ్ళిళ్ళ పేరయ్య పని. ఏ బండిని ఏ డ్రైవరుకు కట్టబెట్టినా చివరికి తిట్లు తినేది పేరయ్యే. దానికి తోడు మా షెడ్డులో తెలుగువాళ్ళం రెండు పక్షాలు. మేము గోదావరి జిల్లాలవాళ్ళం, వాళ్ళు కడప, అన్నమయ్య జిల్లాలవాళ్ళు. పులస పులుసు గొప్పదా, రాగిసంగటి గొప్పదా అన్న దగ్గర మొదలయ్యే వాదన ఎప్పుడూ బస్సుల దగ్గరికొచ్చి ఆగేది. నేను కోనసీమ మనిషిని. అంచేత మంచి బండ్లన్నీ మావాళ్ళ రూట్లకే ఇస్తానని సీమవాళ్ళకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి పెద్దదిక్కు ఒక రాయచోటి డ్రైవరు. సులైబియా నుంచి అర్దియా, రిగ్గై మీదుగా సిటీకి వెళ్ళే రూటు అతనిది. సులైబియా గోడౌన్లలోనూ తోటల్లోనూ పనిచేసే మగవాళ్ళు, అర్దియా ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు అందులో ఎక్కేవాళ్ళు. ఎక్కువమంది వాళ్ళ జిల్లాలవాళ్ళే. నిజం చెప్పొద్దూ, ఆ రూటుకు వెళ్ళేది షెడ్డులోకెల్లా ముసలి బండి. దాని ఏసీ ఎప్పుడో చచ్చిపోయింది. ఏసీ చచ్చాక కిటికీలు బతికాయి. పక్కకు జరిపే అద్దాలు కనుక అన్నీ బార్లా తెరుచుకుని, వేడిగాలి మొహాన కొట్టించుకుంటూ తిరిగేవారు జనం. ఆగస్టులో ఒక తోటపనివాడు సొమ్మసిల్లి పడిపోతే రిగ్గైలో దింపి నెత్తిన నీళ్ళు కుమ్మరించారు. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. కొత్త బండ్లు రావాలని నేను మొక్కని దేవుడు లేడు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసేది చదివి నేను కొత్త బండ్లకు శత్రువునని మీరనుకోకూడదు.

ఆ ముసలి బండికి ఒక వింత జబ్బుండేది. ప్రతి శుక్రవారం, సాయంత్రపు అసర్ నమాజు అయిన కాసేపటికి, అర్దియాలో ఒక సందు మలుపు దగ్గర వేడెక్కేది. వెంటనే నాకు ఫోను.

"సార్, బండి వేడెక్కింది. రోంతసేపు ఆపినా."

"ఎక్కడయ్యా?"

"ఆడనే సార్. చెత్తకుండీ మూల."

కాసేపటికి మళ్ళీ ఫోను. "సల్లబడింది సార్. పోతాండా."

మిగతా రోజుల్లో అదే సందులోంచి అదే బండి ఏ రోగమూ లేకుండా వెళ్ళిపోయేది. రేడియేటర్ మార్పించాను, గొట్టాలు మార్పించాను. మెకానిక్కు బండిని అటూ ఇటూ నడిపి చూసి, "దీనికి జబ్బేమీ లేదు, శుక్రవారం శుక్రవారం పూనకం వస్తోంది, అంతే" అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. నా షెడ్డులో నాకు అర్థంకాని జబ్బు ఉండకూడదని నాకొక పట్టుదల.

అప్పట్లో మా కంపెనీ పాత బస్సులన్నీ తీసేసి కొత్తవి తెప్పించాలనుకుంది. ఆ పని చూడ్డానికి ఇంగ్లండు నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. ఆయన జన్మంతా అక్కడి రైల్వేలో, పాత రైళ్ళు తీసేసి వాటి జాగాలో కొత్త రైళ్ళు పెట్టే పనిలోనే గడిచిందట. నా గదిలో కూర్చుని పాలు లేని టీ తాగుతూ ఆ కబుర్లు చెప్పేవాడు. వాళ్ళ పాత రైలుపెట్టెల్లో తోలుపట్టీ వదిలితే కిందికి జారే కిటికీ అద్దాలు ఉండేవట. దిగాలంటే ఆ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, తలుపు పిడి బయటినుంచి తిప్పుకోవాలట. జనం పడిపోతున్నారని అవన్నీ తీసేసి, బిగించిన అద్దాలూ, వాటంతటవే మూసుకునే తలుపులూ ఉన్న చల్లటి రైళ్ళు పెట్టారు. "చాలామంచి రైళ్ళు. కానీ అవి వచ్చాక మా స్టేషన్లలో వీడ్కోలు చెప్పేవాళ్ళంతా మూగసైగలు నేర్చుకున్నారు" అన్నాడొకసారి. పాత పెట్టెలు ఆఖరిసారి తిరిగిన రోజున కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఏడ్చినవాళ్ళను తాను చూశానన్నాడు.

డొక్కు బండి పోతే ఏడవడం తెల్లవాళ్ళకే చెల్లిందని నేను మనసులో నవ్వుకున్నాను.

ఆయన నాకు రెండే మాటలు చెప్పాడు. ఒకటి, మొదటి కొత్త బండిని విశాలమైన రోడ్డున్న రూటులో పెట్టు, ఇరుకు సందుల్లోకి పంపకు. రెండు, ఏ పాత బండిని తీసేసేముందైనా నువ్వు దాంట్లో ఎక్కి తిరుగు. మొదటిదానికి తలూపాను. రెండోదానికి కూడా తలూపాను, కానీ బస్సుల మధ్య బతికేవాడికి మళ్ళీ బస్సెక్కి తిరిగే ఓపిక ఎక్కడుంటుంది?

మొదటి కొత్త బండి దిగిన పూట రాయచోటి డ్రైవరు నా గదిలోకి వచ్చాడు. గుమ్మం దగ్గర మా గోదావరి డ్రైవర్లు కూడా ఉన్నారు.

"ఏంది సార్, ఇదిగూడా మీ గోదారోళ్ళకేనా? మా రూటుకు ఎప్పుడూ డొక్కులేనా? మావోళ్ళు మనుషులు గాదా?"

నాకు చుర్రుమంది. "ఏటయ్యా ఆ మాటలు? నేనెప్పుడైనా పక్షపాతం చూపించేనా?" అన్నాను. అతను నవ్వాడు. ఆ నవ్వుకు గుమ్మం దగ్గరున్న మావాళ్ళు కూడా నవ్వారు. అదీ నన్ను పొడిచింది. దానికి తోడు బుర్రలో ఆ శుక్రవారం జబ్బు మెదిలింది. వేడెక్కే బండి అందరికంటే ముందు పోవాల్సిందే కదా! కాగితం మీద కూడా న్యాయం అటే ఉంది.

"ఆయ్, ఇదిగో, మొట్టమొదటి బండి నీకే. ఈ శుక్రవారం నుంచే తోలుకుపో. ఆ వేడెక్కే ముసల్దాన్ని వెనక పెట్టేయండి" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. వెంటనే చిన్నగా నసిగాడు. "పాతదానికి మరీ అంత రోగమేమీ లేదు సార్..."

"వారం వారం ఫోన్ చేసి నా ప్రాణం తీసింది నువ్వే కదా!" అన్నాను. అతను తల గోక్కుంటూ బయటికి నడిచాడు. అడిగి తీసుకున్నాడు మరి.

శుక్రవారం షెడ్డు తలుపులు దగ్గరకు వేసుకుని, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఆ రోజు రెండు పక్షాలవాళ్ళూ కలిసే దణ్ణం పెట్టారు. మొదటి రోజు కదా అని నేనూ బండెక్కాను. డ్రైవరు పక్కన నిలబడి, పెళ్ళికొడుకు మేనమామలాగా వచ్చేవాళ్ళందరినీ చూస్తున్నాను. సులైబియాలో ఎక్కిన జనం లోపలి చల్లగాలి తగలగానే ఆగిపోయారు. ఒక పెద్దామె పైన గాలి వచ్చే చోట రెండు చేతులూ చాపి, "సల్లగుండాది సామీ, మా కడుపు సల్లగయ్యింది" అంది. నా కళ్ళు తడిశాయి. అది కూడా అబద్ధం కాదు, రాసిపెట్టాలి.

ఆఖర్న ఒక మనిషి ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, నున్నగా గీసిన గడ్డం. ఎవరైనా పెళ్ళికి వెళ్తున్నాడనుకుంటారు. తలుపు వెనక మొదటి సీటు అతని కోసమే అన్నట్టు ఖాళీగా ఉంచారు జనం. కూర్చుని, అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిమాడు. కింద తడిమాడు, పక్కన తడిమాడు.

"అన్నా, ఈ కిటికీ ఎట్ల తీసేది?" అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు ఎదుటి అద్దంలో అతన్ని చూశాడు. "సార్, తప్పైపోయింది" అన్నాడు నాతో. అర్దియా వచ్చేదాకా బండి తోలుతూనే అంతా చెప్పాడు.

ఆ ఇస్త్రీ చొక్కా మనిషి సులైబియాలో కూరగాయల తోటలో పని చేస్తాడు. వాళ్ళావిడ అర్దియాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఇద్దరిదీ రాయచోటి దగ్గర ఒకే ఊరు. ఈ దేశంలో ఇద్దరి మధ్యా ఉన్న దూరం మన బస్సు రూటులో సగం కూడా లేదు. అయినా ఆమెకు సెలవు లేదు. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, చెడ్డ మనిషేమీ కాదట, కడుపునిండా అన్నం పెడుతుంది, జీతం ఆపదు, కొట్టదు. బయటికి మాత్రం పంపదు. ఫోను తన దగ్గరే పెట్టుకుని నెల మొదట్లో ఒకసారి ఇస్తుంది. శుక్రవారం ఇంటి డ్రైవరుకు సెలవు కాబట్టి ఆ ఒక్కరోజు చెత్త సంచి ఆమే తెచ్చి సందు మూల కుండీలో వేయాలి. అదే ఆమెకు లోకం.

పరాయి మగవాడు సందులో నిలబడి పనిమనిషితో మాట్లాడితే ఇరుగుపొరుగు ఊరుకోరు. వీళ్ళు మొగుడూపెళ్ళాలని ఎవరికి చెబుతారు, ఏ భాషలో చెబుతారు? బస్సు ఆగి, కిటికీలోంచి ఎవరో ఎవరితోనో రెండు మాటలంటే మాత్రం అది ఎవరి కంటా పడదు. అందుకని బండి వేడెక్కేది. వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ జనమంతా ఫోన్లలో తలలు దూర్చుకునేవారట. అయినా ఒక్క మాట కూడా ఎవరి చెవినీ తప్పేది కాదట.

"కిటికీ సంగతి నీకు తట్టలేదా?" అన్నాను.

"డ్రైవరుకు ముందద్దమే గదా సార్ కిటికీ. నేను ఆపుతానులే అనుకున్నా గానీ, అది తెరుసుకోదని తట్టలేదు."

కొత్త బండి అద్దాలను నేను షెడ్డులో నా చేతి రుమాలుతో తుడిచి మరీ చూశాను, నాకూ తట్టలేదు.

ఇంతేనా అంటే, ఇంతే అయితే నేను ఈ కథ రాసేవాణ్ణి కాదు. ఆమె ఇఖామా గడువు అయిపోతోంది. ఇంకో రెండేళ్ళు ఉంటావా, ఇంటికి పోతావా, ఈ జుమ్మా రోజు, అంటే ఈ శుక్రవారం సాయంత్రానికి చెప్పు, లేకపోతే నేను వేరే మనిషిని చూసుకోవాలి అని మామా అడిగిందట. ముందటి శుక్రవారం కిటికీ దగ్గర ఆమె మొగుణ్ణి అడిగింది. ఆలోచించి వచ్చే వారం చెబుతానన్నాడు. "నువ్వు రాకపోతేనో?" అందామె. ఒక్క శుక్రవారం కూడా తప్పనివాడు కనుక నవ్వి, "రాకపోతే ఉండుకో" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారట.

ఈ వారంలో అతను ఆలోచించాడు. మదనపల్లెలో అతని బావమరిది టమోటా వ్యాపారంలో కలుపుకుంటానన్నాడు. నిన్ననే తనకు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరకు వెళ్ళి, ఖలాస్, ఇక చాలు, నేను వెళ్ళిపోతాను, వీసా క్యాన్సిల్ చేయమని చెప్పేశాడు. ఇద్దరూ కలిసి వెళ్ళిపోవాలని. ఆ మాట చెప్పడానికే ఆ ఇస్త్రీ చొక్కా.

బండి సందులోకి తిరిగింది. అంత పెద్ద బండికి ఆ సందు చాలలేదు, నెమ్మదిగా పాకింది. ఎప్పుడూ ఆగే చోట ఎవరిదో పెద్ద కారు అడ్డంగా పెట్టి ఉంది. అప్పుడే ఇనుపగేటు తీసుకుని ఆమె వచ్చింది. సన్నటి మనిషి, తలకు స్కార్ఫు, చేతిలో నల్లటి చెత్త సంచి. మా బండి మెల్లగా ఆమె ముందునుంచి జరుగుతోంది. ఆమె తలెత్తి చూసింది. బయటినుంచి ఆ నల్లద్దాల్లో ఏముంటుంది? ఆమే ఉంది. అద్దంలో చూసుకుని, జారిన జుట్టు స్కార్ఫులోకి తోసుకుంది. అద్దానికి ఇటువైపు అతను అరచేతులతో బాదుతున్నాడు. "మే! ఇక్కడే ఉండా మే!" అంటున్నాడు. వెనకసీట్లవాళ్ళు కూడా లేచి బాదారు. ఏసీ మోతలో అది బయటికి వినబడలేదు. బండి తనను దాటిపోయాక ఆమె, వెనక ఇంకో బండి వస్తుందేమోనని రోడ్డు చివరిదాకా చూసింది.

డ్రైవరు కారు దాటించి ఆపాడు. కొత్త బండి తలుపు, పూర్తిగా ఆగి బ్రేకు పడితేగాని తెరుచుకోదు. జనం పడిపోకూడదని అలా చేశారు, మంచిదే. ఆ రోజుకి అతని చేతికి ఏ మీట ఎక్కడుందో ఇంకా అలవాటు కాలేదు. తలుపు బుస్సుమని తెరుచుకునేలోపు ఆమె సంచి కుండీలో వేసి, మళ్ళీ ఒకసారి రోడ్డు చూసి, లోపలికి వెళ్ళి గేటు వేసుకుంది.

ఇస్త్రీ చొక్కా మనిషి దిగి పరిగెత్తాడు. మేమూ పరిగెత్తాం. గేటు పక్కన బెల్లు మీదికి చెయ్యి ఎత్తాడు.

"కొట్టకు బాబూ" అన్నాను నేను. "ఎవరో మగవాడు బెల్లు కొట్టి పనిమనిషిని పిలిచేడంటే ఆమె బతుకు ఏమవుతుంది?"

"సారు చెప్పేది నిజమబ్బా. మళ్ళ ఆ చెత్త ఏసేదానికి గూడా పంపరు" అన్నాడు డ్రైవరు.

అతను చెయ్యి దించాడు. గేటుకేసి ఒకసారి చూసి, "సరే సార్" అన్నాడు. అంత తొందరగా సరేననకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ పూట మేము చెప్పింది తప్పని ఈనాటికీ నేను అనలేను, ఒప్పని కూడా అనలేను. గదిలో ఊరికే కూర్చున్నప్పుడు చాలాసార్లు ఆ బెల్లు నేనే వెళ్ళి కొడుతుంటాను.

ఆ సాయంత్రం, మర్నాడు, అతను మామా నంబరుకు ఫోన్ చేశాడు. మామా ఎత్తి, అతని అరకొర అరబ్బీ విని, "బుక్రా, బుక్రా" అని పెట్టేసింది. రేపు రేపు అంటూ వారం గడిచింది.

ఆ తర్వాతి శుక్రవారానికి నేనొక నిర్ణయానికి వచ్చాను. షెడ్డు వెనక తుక్కువాడి కోసం ఎదురుచూస్తున్న ముసలి బండికి బ్యాటరీ పెట్టించాను. తీసేసిన బండిని రోడ్డెక్కించడం నా అధికారంలో లేని పని. పెద్దాయన సరిగ్గా అప్పుడే షెడ్డులోకి వచ్చి, ఈ బండి ఎందుకు స్టార్టయిందని అడిగాడు.

"కొత్త బండి వేడెక్కిందండి" అన్నాను ఇంగ్లీషులో.

కొత్త బండి ఎదురుగా చల్లగా నిలబడి ఉంది. వారమంతా ఆయన నన్ను గమనిస్తూనే ఉన్నట్టున్నాడు. ముసలి బండి దగ్గరకు వెళ్ళి, ఒక కిటికీ అద్దం పక్కకు జరిపి, మళ్ళీ మూశాడు. "కొత్తవి కూడా వేడెక్కుతాయి, మా దగ్గర కూడా జరిగేది. చీకటి పడేలోగా తీసుకురా" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు కూడా అదే ఇస్త్రీ చొక్కా. అదే మూల. ఆ రోజు కారు అడ్డం లేదు. ముసలి బండి గొంతు వినబడే ఉంటుంది, ఆమె గేటు దగ్గరనుంచి దాదాపు పరుగున వచ్చింది. అతను అద్దం జరిపి, భుజందాకా బయటికి వంగాడు. జనం ఫోన్లలో తలలు దూర్చుకున్నారు. నేనూ నా ఫోను తీశాను.

"పోయిన వారం రాలేదే?" అందామె. నవ్వుతూనే అడిగింది.

"వొచ్చినా మే. కొత్త బండ్లో వొచ్చినా. అద్దాలు తెరుసుకోలా."

"కొత్త బండా? ఆ నల్లద్దాలదా?"

"ఆ. మే, ఇనుకో. ఇంటికి పోదాం. నేను ఖలాస్ చెప్పేసినా. మామాకు ఉండనని చెప్పు. ఇద్దరం పోదాం."

ఆమె సంచి కింద పెట్టింది. సంచి కింద పెట్టడం ఎందుకో అని నేను తలెత్తి చూశాను.

"ఏసేసినా" అంది.

"ఏంది ఏసేసినావు?"

"ఏలిముద్ర. ఇంగ రెండేండ్లు ఉంటానని ఆ పొద్దు రేత్రికే ఏసినా. మామా ఇఖామాకు గూడా దుడ్లు కట్టేసింది." మళ్ళీ తనే, "రాకపోతే ఉండుకో అంటివే" అంది.

"నవ్వులకంటి గద మే."

"నాకేం తెలుసు."

అతను చెయ్యి కిందికి చాపాడు, ఆమె ఆ చేతి వేళ్ళను పట్టుకుంది. సందులో ఎవరైనా చూస్తే చూడనీ అన్నట్టు పట్టుకుంది. డ్రైవరు ఆ రోజు నాకు ఫోను చేయాల్సిన అవసరం లేదు, పక్కనే ఉన్నాను. అయినా అలవాటు కొద్దీ, "బండి వేడెక్కింది సార్" అన్నాడు, ముందద్దంలోంచి ఎటో చూస్తూ. "ఆపవయ్యా, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆపు" అన్నాను.

మామా మంచిదే కదా, చెప్పి చూడొచ్చు కదా అని మీరు అనవచ్చు. చెప్పి చూసిందట. మాట ఇచ్చి వేలిముద్ర వేశాక ఇదేమిటని మామా నొచ్చుకుందట. అదీ న్యాయమే. ఈ వ్యవహారంలో నాకు అన్యాయం చేసినవాడు ఒక్కడూ దొరకడు, అదే నా బాధ. డ్రైవరు జాలిపడి అబద్ధమాడాడు. ఆ అబద్ధాన్ని నమ్మి నేను బండి మార్చాను. మంచి బండే ఇచ్చాను, అందరికంటే ముందు ఇచ్చాను. ఆ పెద్దామె కడుపు చల్లబడింది కూడా. అందరం తలా ఒక మంచి పని చేసి, ఇద్దరు మనుషుల్ని రెండేళ్ళు విడదీశాం.

అతను ఒక్కడే వెళ్ళిపోయాడు. ముసలి బండిని తుక్కువాడు తీసుకుపోయాడు. ఆ తర్వాత ఆ రూటులో నడిచింది కొత్త బండే. ప్రతి శుక్రవారం మాత్రం ఆ మూల ఆగేది. డ్రైవరు తలుపు తెరిచేవాడు, ఆమె చెత్త సంచితో మెట్టు దగ్గర నిలబడేది. మదనపల్లె నుంచి అతను డ్రైవరు ఫోనుకు పంపిన మాటలు ఆమెకు వినిపించేవాడు. టమోటా ధర, వాన, మేక ఈనడం, అవీ ఇవీ. ఆమె తిరిగి చెప్పే మాటలు కూడా ఆ ఫోనులోనే ఎక్కించి పంపేవాడు. నాకు శుక్రవారం ఫోను రాగానే, "వేడెక్కిందా?" అని నేనే అడిగేవాణ్ణి. "ఎక్కింది సార్" అనేవాడు. కొత్త బండికి ఏం జబ్బని నన్ను అడగడానికి పెద్దాయన అప్పటికే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు.

రెండేళ్ళు నిండాయి. నేను కూడా రిటైరయ్యాను. ఆమె వెళ్ళిపోయే వారం, ఇంటికి ఏమైనా కొనుక్కొమ్మని మామా ఆమెకు ఒక పూట సెలవిచ్చి బయటికి పంపింది. "సార్, ఆయమ్మ ఈ పొద్దు మన బండెక్కుతాది, రాండి" అని డ్రైవరు ఫోన్ చేస్తే వెళ్ళాను. ఆ రూటు బండి రెండేళ్ళు ఆమె గుమ్మం ముందు ఆగింది గానీ, ఆమె లోపల అడుగుపెట్టడం అదే మొదలు. చేతిలో సంచి లేకపోయేసరికి ఆ చేతుల్ని ఏంచేయాలో తెలియనట్టు ఎక్కింది.

"ఆయప్ప ఏ సీట్లో కూసునేది?" అని డ్రైవరును అడిగింది. తలుపు వెనక మొదటి సీటు చూపించాడు. వెళ్ళి కూర్చుంది. అద్దం తడిమింది, ఈ చివర నుంచి ఆ చివరదాకా. అప్పుడు బయటికి చూసింది.

"ఈడినుంచి అంతా కనపడుతుందే!" అంది.

నేను పక్కన నిలబడి ఉన్నాను. "కనబడుతుందమ్మా. లోపలినుంచి బయటికి బాగానే కనబడుతుంది."

"అయితే ఆ పొద్దు నేను గూడా కనపడింటా."

"కనబడ్డావమ్మా."

"జుట్టు సర్దుకునేది?"

"ఆ."

ఆమె గేటుకేసి చూసింది. "గేటు ఏసుకోని పొయ్యేది గూడా సూసినాడా?"

తలూపాను.

"ఇన్ని దినాలు ఇంత మాట్లాడినాడు, ఒక్కపొద్దన్నా ఆ మాట అనలేదే నాతో" అంది. అని, స్కార్ఫు కొంగుతో అద్దం తుడిచింది, మరకేదో ఉన్నట్టు.

మరకేమీ లేదు. కుండీ, గేటు, గేటు పక్క బెల్లు, అన్నీ తేటగా కనబడుతున్నాయి. చాలామంచి అద్దం అది. నేనే తుడిచి మరీ పంపాను.